పీఆర్పీకి వెళ్లే ముందు ఇవి చూస్కోండి

గర్భసంచి పొర పల్చగా ఉందనో, ఆపరేషన్ కుట్లు బాగా మానాలనో వైజాగ్‌లో పీఆర్పీకి (మన రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్స్ ఎక్కువుండే భాగాన్ని వేరు చేసి మనకే ఎక్కించే చికిత్స) వెళ్తున్న అక్కలూ, ఇవి చూస్కోండి.

- బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే డాక్టర్‌గారికి చెప్పండి, అవి ప్లేట్‌లెట్స్ పనిని దెబ్బతీస్తాయి, అలాగని గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపేయొద్దు, చాలా డేంజర్ అండీ
- ప్లేట్‌లెట్ కౌంట్ రిపోర్ట్ పట్టుకెళ్లండి, మామూలుగా 1.5 నుంచి 4.5 లక్షలు
- జ్వరం, వాసనొచ్చే వైట్ డిశ్చార్జ్ ఉన్నా, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చినా అస్సలు దాచొద్దు
- గాజువాక నుంచో భీమిలి నుంచో ఎండలో బస్సెక్కి వస్తుంటే నీళ్లు బాగా తాగండి, నరం తొందరగా దొరుకుతుంది, మత్తు ఇస్తామంటే మాత్రం వాళ్లు చెప్పిన టైమ్ నుంచి ఏమీ తీస్కోవద్దు
- ఎక్కించేది మీ రక్తంలోంచి తీసిందే కాబట్టి ట్యూబ్ మీద మీ పేరు మీ ముందే రాయమనండి
- గ్యారంటీ అంటే నమ్మొద్దు, దీనిమీద ఇంకా గట్టి ఆధారాలు రాలేదు, ఖర్చు మొత్తం ముందే అడగండి