నవలలో పేర్లు కలగాపులగమైపోతుంటే బుక్‌మార్కునే చీటీగా వాడండి

పెద్ద నవల సగంలో ఆగిపోయిందంటే చాలాసార్లు తప్పు కథది కాదు, పేర్లది. నాలుగు రోజులు పక్కన పెట్టి తెరిస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండదు.

అరచేయంత అట్టముక్కను బుక్‌మార్కుగా పెట్టుకోండి. కొత్త పాత్ర రాగానే పెన్సిల్‌తో ఒక్క వరుస: పేరు, బంధుత్వం, కంటికి కనిపించే ఒక గుర్తు, పేజీ నంబరు. "వేరా, డాక్టరు చెల్లెలు, ఎడంచేతి వాటం, 34". అంతే. మంచివాడు, దుర్మార్గుడు అని మాత్రం రాయొద్దు. 200వ పేజీలో అతను మారిపోతే మీ చీటీయే మీకు అడ్డొస్తుంది. రాతపని దాదాపుగా మొదటి 50, 60 పేజీల్లోనే ఉంటుంది, ఆ తర్వాత ఊరికే చూసుకోవడమే.

రష్యన్ నవలలకి ఇది మరీ అవసరం. అలెక్సాండర్‌ని ఇంట్లో సాషా అంటారు, అలెక్సాండ్రాని కూడా సాషా అనే అంటారు! మధ్యపేరు తండ్రి నుంచి వస్తుంది: ఇవానోవిచ్ అంటే ఇవాన్ కొడుకు, ఇవానోవ్నా అంటే ఇవాన్ కూతురు. ఒక మనిషికున్న పిలుపులన్నీ ఒకే వరుసలో రాసుకోండి.

పేరు మర్చిపోయారని నెట్‌లో వెతక్కండి, మొదటి వాక్యంలోనే ఆ పాత్ర చావు గురించి ఉండొచ్చు. ఈ-బుక్‌లో వెతికినా ఇంకా చదవని పేజీల వాక్యాలు బయటపడతాయి. అన్నిటికన్నా పైనున్న ఫలితం నొక్కి, మిగతావి చూడకుండా వెనక్కి వచ్చేయండి.