చిన్న అమ్మకందారుకి పార్సిల్ పాఠాలు – 3: తూకం, దూరం, తిరుగుటపా

పోయిన పాఠంలో హైదరాబాద్ బేగంబజార్‌లో అట్టపెట్టెలు, కొరియర్ కవర్లు, టేపు టోకున ఎలా కొనాలో చూశాం. ఇప్పుడు ఆ పెట్టె ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకుందాం. "అన్నిటికన్నా చవక కొరియర్ ఏది సార్?" అని అందరూ అడుగుతారు. సరుకు బరువు, పెట్టె సైజు, కొన్నవాళ్ల ఊరు, డబ్బు ముందే కట్టారా లేదా అన్నవి చెప్పకుండా అడిగితే దానికి జవాబు ఉండదు. ఒకే ఇంటి నుంచి ఒకే రోజు వెళ్లే రెండు పార్సిళ్లకు రెండు వేర్వేరు దారులు చవక కావచ్చు.

ముందు తూకం సంగతి. ఈ పాఠంలో ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాం, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

కొరియర్ వాళ్లు పెట్టెను రెండు రకాలుగా తూస్తారు. ఒకటి కాటా మీద బరువు. రెండోది వాల్యూమెట్రిక్ వెయిట్: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 5000తో భాగిస్తే వచ్చే కిలోలు. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 5000 అనేది మామూలుగా వాడే అంకె. కొన్ని కంపెనీలు ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, అప్పుడు బిల్లు పెరుగుతుంది. రేటు అడిగేటప్పుడే భాగించే అంకె కూడా అడగండి.

లాడ్‌బజార్ లక్క గాజులు అమ్ముతున్నారనుకోండి. గాజులు, ప్యాకింగ్ కలిపి 400 గ్రాములు. ఇంట్లో ఉన్న 25 × 20 × 15 పెట్టెలో పెట్టారు. గుణిస్తే 7500, 5000తో భాగిస్తే ఒకటిన్నర కిలో. రేట్లు సాధారణంగా అరకిలో స్లాబుల్లో, అంటే ప్రతి అరకిలోకూ ఒక మెట్టుగా ఉంటాయి కాబట్టి 400 గ్రాముల సరుకుకు మూడు స్లాబుల డబ్బు కట్టినట్టు. అంటే గాలికి కిరాయి కట్టారు. అవే గాజులు 18 × 12 × 10 పెట్టెలో పడితే 0.432 కిలో, ఒక్క స్లాబుతో సరి. బబుల్ షీట్ ఎక్కువై పెట్టె ఉబ్బి 20 × 14 × 12 అయిందా, 0.672 కిలో అయి రెండో స్లాబులోకి దూకుతుంది. ఒక్కో కొలతలో రెండేసి సెంటీమీటర్లే తేడా! అందుకే టేపు వేశాక, పెట్టె బయటి నుంచి కొలవాలి. పెట్టె మీద అచ్చువేసిన సైజును నమ్మొద్దు.

చీరలవాళ్లకు తిప్పలు వేరు. 450 గ్రాముల కాటన్ చీర పల్చటి కొరియర్ కవర్లో అరకిలోలోపే ఉంటుంది. అందంగా ఉంటుందని లోపల గట్టి అట్ట, ఒక థాంక్యూ కార్డు, చిన్న సంచి పెడితే 520 గ్రాములై స్లాబు మారిపోతుంది. పచ్చళ్లవాళ్లకు కాటా బరువే బిల్లు అవుతుంది, సీసా చిన్నదే అయినా బరువు కదా. పైగా నూనె కారుతుందని కొన్నిచోట్ల తీసుకోరు. పికప్ పెట్టేముందే కనుక్కోండి.

ఇక దూరం. హైదరాబాద్ లోపల ఒక రేటు, రాష్ట్రం లోపల ఒకటి, బెంగళూరు, ముంబయి లాంటి మెట్రోలకు ఒకటి, మిగతా దేశానికి ఒకటి, ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూకశ్మీర్‌కు అన్నిటికన్నా ఎక్కువ. విజయవాడను ఒక కంపెనీ దగ్గరి జోన్‌లో వేస్తే ఇంకొకటి దూరపు జోన్‌లో వేస్తుంది. మన అమ్మకాల్లో ఆంధ్రా జిల్లాలు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క తేడాతోనే కంపెనీ మార్చుకోవాల్సి రావచ్చు.

షిప్‌రాకెట్, నింబస్‌పోస్ట్ లాంటి వేదికల్లో పిన్‌కోడ్, బరువు, కొలతలు వేస్తే పలు కొరియర్ల రేట్లు ఒకేచోట కనపడతాయి. నెలకు పది పార్సిళ్లున్నవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. కనపడే రేటులో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో మాత్రం చూడండి. మీకు జీఎస్టీ నంబరు లేకపోతే అది పూర్తిగా మీ ఖర్చే. మారుమూల పల్లెలకు నా ఓటు పోస్టాఫీసుకే. ప్రైవేటు కొరియర్ రాని పిన్‌కోడ్‌కు కూడా స్పీడ్ పోస్ట్ వెళ్తుంది. "రిజిస్టర్డ్ పంపండి" అని కొన్నవాళ్లు ఇంకా అంటుంటారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులోనే కలిపేశారని వాళ్లకు చెప్పండి.

కరీంనగర్‌కో ఖమ్మానికో పది కిలోల పచ్చళ్లు వెళ్లాలా? కొరియర్ స్లాబులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా, హైదరాబాద్ పెద్ద బస్టాండ్లయిన ఎంజీబీఎస్‌లోనో జేబీఎస్‌లోనో ఆర్టీసీ పార్సిల్ కౌంటర్‌కు వెళ్లండి. 2020లో మొదలైన ఈ కార్గో సర్వీసు బరువు సరుకుకు బాగా కలిసొస్తుంది. కొన్నవాళ్లు బస్టాండుకొచ్చి తీసుకెళ్తారా అని మాత్రం ముందే అడగాలి. సిటీ లోపలైతే ర్యాపిడో, పోర్టర్ ఉన్నాయి. కానీ కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్‌కు బైకు పంపితే 150 రూపాయల గాజులకు చారాణా కోడికి బారాణా మసాలా అవుతుంది. అర్జెంటంటే ఆ కిరాయి కొన్నవాళ్లనే పెట్టుకోమనండి.

చివరిగా క్యాష్ ఆన్ డెలివరీ (సీఓడీ), అంటే సరుకు అందాక డబ్బు కట్టడం. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక్కో పార్సిల్ పంపడానికి 60 రూపాయలు, సీఓడీ చార్జి 40, తిరిగొస్తే ఇంకో 55. వంద సీఓడీ పార్సిళ్లలో 25 తిరిగొచ్చాయి. పంపిన ఖర్చు 6000, అందిన 75కి సీఓడీ చార్జి 3000, తిరుగుటపాకు 1375. మొత్తం 10,375. అమ్ముడైన ఒక్కోదానికి 138 రూపాయలు పడింది. అదే వందమందీ ముందే కట్టి, నాలుగు మాత్రం తిరిగొస్తే? 6220ని 96తో భాగించండి, 65 రూపాయలు. ముందే యూపీఐ చేసినవాళ్లకు 40 రూపాయలు తగ్గించినా ఖర్చు 105కి మించదు. కొరియర్ మేనేజర్‌తో రూపాయి రూపాయికి బేరమాడేకన్నా ఈ తగ్గింపే నయమని నా లెక్క. సీఓడీ పూర్తిగా ఆపమని చెప్పను. కొత్తవాళ్లకు మనమీద నమ్మకం ఎక్కడిది? ఫోన్ చేసి ఆర్డరు ఖాయం చేసుకున్నాకే పంపండి, అడ్రసుతో పాటు ఒక గుర్తు కూడా అడగండి. గుడి పక్కనో, వాటర్ ట్యాంకు ఎదురుగానో.

ఈ వారం పని: మీ చివరి ఇరవై పార్సిళ్ల బిల్లులు తీయండి. ఒక్కోదానికి కాటా బరువు, కొలతల బరువు, బిల్లు వేసిన బరువు, పిన్‌కోడ్, సీఓడీనా కాదా, తిరిగొచ్చిందా అని గళ్లు గీసి రాయండి. మీ కొలతకూ బిల్లులోని బరువుకూ తేడా ఉన్నవాటికి చుట్టూ గీత గీసి పెట్టండి. వచ్చే పాఠంలో ఆ తేడా మీద అభ్యంతరం ఎలా పెట్టాలో, దానికోసం పెట్టె ఫొటోలు ఏ కోణంలో తీయాలో చూద్దాం.