మీరు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చేతులు మారితే ఏం చూసుకోవాలి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును నడిపే కంపెనీని మరొకరు కొన్నారని తెలియగానే హడావిడిగా వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోనక్కర్లేదు. ఇప్పటికే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో విడుదలైన కోడ్‌ను కొత్త యజమాని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. చేతులు మారేవి ప్రాజెక్టు పేరు, కంపెనీ కాపీరైటు, విడుదలలు వెలువడే సర్వర్లు, జీతానికి పనిచేసే డెవలపర్లు.

ముందుగా ప్రాజెక్టు కోడ్ ఉంచే రిపాజిటరీలో లైసెన్సు ఫైలునూ, కోడ్ పంపేవారికి నియమాలు చెప్పే ఫైలునూ చదవండి. రెండోదాన్ని తెరిచేవారు తక్కువ గాని, అసలు సంగతి అందులోనే ఉంటుంది. కోడ్ ఇచ్చేముందు కంపెనీకి విస్తృత హక్కులు రాసిచ్చే సీఎల్ఏ (కాంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) ఒప్పందం అడుగుతున్నట్లయితే, రాబోయే వెర్షన్ల లైసెన్సును ఆ కంపెనీ తనంతట తానే మార్చగలదు. అలాంటి ఒప్పందం లేకుండా కాపీరైటు వందలమంది చేతుల్లో ఉన్న జీపీఎల్ ప్రాజెక్టులో (మార్చిన కోడ్‌ను పంచితే అదే లైసెన్సు కింద ఇవ్వాలనేది జీపీఎల్) అది అంత తేలిక కాదు.

తర్వాత పేరెవరిదో చూడండి. సన్ మైక్రోసిస్టమ్స్ 2010 జనవరిలో ఒరాకిల్ చేతికి వచ్చినప్పుడు సన్ నడిపే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఆఫీస్ పేరు కూడా దానితోపాటే వెళ్లింది. అందువల్లనే ఆ సెప్టెంబరులో విడిగా వచ్చిన డెవలపర్లు అదే కోడ్‌ను లిబ్రే ఆఫీస్ అన్న పేరుతో కొనసాగించారు. 2011లో కోడ్‌ను ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి పరీక్షించే హడ్సన్ కాస్తా జెంకిన్స్ అయిందీ ఒరాకిల్‌తో పేరు తగాదాతోనే.

లైసెన్సు కాపాడలేనిది మరొకటి ఉంది, సపోర్టు గడువు, అంటే అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయన్నది. రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019 జూలైలో సొంతం చేసుకుంది. రెడ్ హ్యాట్ అండతో ఉచితంగా వచ్చే, సర్వర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ లినక్స్. 2029 దాకా ఉంటుందనుకున్న దాని 8వ వెర్షన్‌కు 2021 డిసెంబరుతోనే సపోర్టు ముగుస్తుందని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది. అందుకు ఐబీఎం కారణమా కాదా అన్న వాదన అటుంచితే, ఏ లైసెన్సునూ ఉల్లంఘించకుండానే సర్వర్లు నడిపేవారికి మిగిలిన గడువు ఏడాదికి కుదించుకుపోయింది. సెంటోస్‌కు బదులుగా రాకీ లినక్స్, అల్మా లినక్స్ పుట్టింది ఆ అవసరంలోంచే.

కాబట్టి ప్రత్యామ్నాయాన్ని పేరు విని వదిలేయకుండా, మీ బ్యాకప్‌ను దానిమీద ఒకసారి రిస్టోర్ చేసి చూడండి. డేటాబేసు సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌నుంచి విడివడిన మరియాడీబీ కూడా మైఎస్‌క్యూఎల్ 8 డేటా డైరెక్టరీని నేరుగా తెరవలేదు. డేటా మొత్తాన్ని ఫైలుగా బయటికి (డంప్) తీసి మళ్లీ ఎక్కించాలి. మీ డేటాబేసుకు అది ఎన్ని గంటలు పడుతుందో ఇప్పుడే కొలిచి, వాడుతున్న వెర్షన్ సోర్సునూ దాని లైసెన్సు ఫైలునూ మీ దగ్గర ఒక ప్రతి భద్రపరచుకోండి.