డ్యూటీరియం వాయువు తీయడం, ఫ్యూజన్ ఛాంబర్‌కి పట్టడం ఎలా?

ఫ్యూజర్, అంటే హైవోల్టేజీ గ్రిడ్‌తో అయాన్లని లాగి ఢీకొట్టించే చిన్న ఫ్యూజన్ యంత్రం, కట్టిన పిల్లలు మా కాలేజీ ల్యాబ్‌కి వచ్చి అడిగేది ఎప్పుడూ ఒకటే. "సార్, లోపల ప్లాస్మా చక్కగా వెలుగుతోంది. న్యూట్రాన్ కౌంటర్ మాత్రం కదలట్లేదు." వెళ్లి చూస్తే గ్రిడ్ బాగానే ఉంటుంది, పంపు బాగానే ఉంటుంది, హైవోల్టేజీ సప్లై మీద నెలల కష్టం కనిపిస్తుంది. గ్యాస్ లైన్ దగ్గరికి వచ్చేసరికి అక్వేరియం షాపులో కొన్న సిలికాన్ గొట్టం వేలాడుతుంటుంది. సిలికాన్ గోడలోంచి గాలి, తేమ రెండూ లోపలికి నడిచి వస్తాయి. ఛాంబర్‌లోకి పోతున్నది డ్యూటీరియం (బరువు హైడ్రోజన్) అని వాళ్లు అనుకుంటున్నారు, పోతున్నది తడిగాలి.

డ్యూటీరియం తీయడం తేలిక. దాన్ని పొడిగా, గాలి కలవకుండా, చుక్కచుక్కగా లోపలికి పంపడమే పని. కాబట్టి మొదటి దశలు గబగబా చెప్పేసి, అసలు చోట ఆగుతాను.

ముందు అనుమతుల సంగతి. భారజలం (డ్యూటీరియంతో ఏర్పడిన నీళ్లు), డ్యూటీరియం మన దేశంలో అణుశక్తి చట్టాల కిందికి వచ్చే సరుకులు. ఎక్స్‌రేలు, న్యూట్రాన్లు పుట్టించే యంత్రానికి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి కావాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో చేసే పని కాదిది. రేడియేషన్ భద్రత చూసే మనిషి ఉన్న సంస్థలో, ఆ సంస్థ పేరు మీదే జరగాలి. కాగితాలు వచ్చేలోగా, హైవోల్టేజీ జోలికి పోకుండా, కింద రాసిందంతా మామూలు డీఅయనైజ్డ్ నీళ్లతో చేయండి. హైడ్రోజన్‌తో చేయి తిరిగితే డ్యూటీరియంతో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు. నేను ఎవరికైనా ఇరవై సార్లు హైడ్రోజన్‌తో చేయించాకే భారజలం సీసా చేతికిస్తాను.

ఆ సీసా ఎందుకంత విలువైందో కూడా తెలియాలి. ప్రకృతిలో దాదాపు 6,400 హైడ్రోజన్ పరమాణువులకి ఒక్కటి డ్యూటీరియం. మన మణుగూరు ప్లాంటులో గోదావరి నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకీ మధ్య చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి మార్పిడి జరిపిస్తూ, మెట్టుమెట్టుగా ఆ ఒక్కదాన్ని ఏరుతారు. అంత కష్టపడి ఏరినదాన్ని వానాకాలంలో మూత తీసి బల్ల మీద వదిలేస్తే, గాలిలోని తేమతో మార్పిడి జరిగి మళ్లీ మామూలు నీళ్లు కలుస్తాయి. సీసా మూత తీయడం, సిరంజితో తీసుకోవడం, మూత పెట్టడం ఒకే ఊపిరిలో అయిపోవాలి.

కావలసినవి: ఒక చిన్న పీఈఎం సెల్ (పలచని పొర గుండా నీళ్లని కరెంటుతో విడగొట్టేది), కరెంటు పరిమితి పెట్టగలిగే డీసీ సప్లై, 50 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు, త్రీవే స్టాప్‌కాక్‌లు, పెన్సిలంత ఆరబెట్టే గొట్టం, నీలం సిలికా జెల్, గ్లాస్ ఊల్, బాల్ వాల్వులు మూడు, నీడిల్ వాల్వ్ ఒకటి, వన్ బై ఎయిట్ అంగుళం స్టీల్ ట్యూబు ఓ మీటరు, ఏసీ మెకానిక్‌లు వాడే చిన్న టూస్టేజ్ వాక్యూమ్ పంపు. సిరంజిలు, స్టాప్‌కాక్‌లు కోఠిలో సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. ట్యూబు, కంప్రెషన్ ఫిట్టింగులకి రాణిగంజ్ వెళ్లండి. ఫిట్టింగు మీద టెఫ్లాన్ టేపు చుట్టి ఇస్తామంటే వద్దనండి. కంప్రెషన్ ఫిట్టింగుకి టేపు అక్కర్లేదు, చుడితే లీకవుతుంది.

సిలిండర్ కొనొచ్చు కదా అంటారు. నేను ఒప్పుకోను. రెగ్యులేటర్ దగ్గర సన్నని లీకు ఒకటుంటే, పొద్దున వచ్చి చూసేసరికి సిలిండర్ ఖాళీ. పీఈఎం సెల్‌లో కావలసినంతే, కావలసినప్పుడే పుడుతుంది. ఇంకొందరు భారజలంలో కాస్టిక్ సోడా కలిపి స్టీల్ పలకలతో విద్యుద్విశ్లేషణ చేస్తారు. సోడాలో ఉన్న మామూలు హైడ్రోజన్ గ్యాస్‌లో కలుస్తుంది, క్షారపు తుంపర లైన్‌లోకి పోతుంది. ఆ పద్ధతి వదిలేయండి.

సెల్ నింపడం. నీళ్లు ఆక్సిజన్ వైపు నుంచే పోయాలి. ప్లస్, మైనస్ తారుమారైతే సెల్ పాడవుతుంది కాబట్టి తీగలు రెండుసార్లు చూసుకోండి. ప్రాక్టీసుకి వాడే నీళ్లు డీఅయనైజ్డ్ నీళ్లే అయి ఉండాలి. ఒకసారి ఒక అబ్బాయి "క్యాన్ నీళ్లే కదా సార్, ప్యూర్" అని మినరల్ వాటర్ పోశాడు. ఆ నీళ్లలోని కాల్షియం, ఇనుము పొరలో ఇరుక్కుని ఆ సెల్ మళ్లీ లేవలేదు. భారజలానికి మారేటప్పుడు పొర లోపల ఉన్న పాత నీళ్లని వదిలించాలి. మూడుసార్లు నింపి, పదేసి నిమిషాలు ఆగి, వంపేయండి. నాలుగోసారి పోసింది పనికి. పొరలోని హైడ్రోజన్ అయాన్లు అప్పటికీ కొన్ని మిగిలే ఉంటాయి, అందుకే మొదటి రెండు సిరంజిల గ్యాస్ కిటికీ బయటికి వదిలేయాలి.

గ్యాస్ తీయడం. అర ఆంపియర్ పెట్టండి, వోల్టేజీ 2 దాటనివ్వకండి. పుస్తకాల్లో లెక్కలన్నీ సముద్రమట్టం దగ్గరి గాలి పీడనం 760 టార్‌కి వేసి ఉంటాయి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి పీడనం 715 టార్ దరిదాపుల్లో ఉంటుంది. మన లెక్కన ఒక ఆంపియర్‌కి నిమిషానికి సుమారు 8 మిల్లీలీటర్లు వస్తుంది. అంటే అర ఆంపియర్‌తో సిరంజి నిండడానికి పన్నెండు నిమిషాలు. ఒక్క మిల్లీలీటరు భారజలం నుంచి దాదాపు ఒకటిన్నర లీటర్ల గ్యాస్. ఆక్సిజన్ వైపు గొట్టం విడిగా బయటికి పోవాలి, రెండు గ్యాసులు ఎక్కడా కలవకూడదు. గదిలో నిప్పు ఉండకూడదు.

ఆరబెట్టడం. సెల్ నుంచి వచ్చే గ్యాస్ తడిసి వస్తుంది. మే నెలలో ల్యాబ్ 40 డిగ్రీలకి చేరితే సిరంజిలో నూటికి ఏడు వంతులు ఆవిరే. నీలం సిలికా జెల్‌ని 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, మూసిన సీసాలో చల్లార్చి, గొట్టంలో నింపండి. రెండు చివర్లా గ్లాస్ ఊల్ కుక్కండి. దూది వద్దు, దూదే తేమని పట్టుకుంటుంది. గింజలు ఓ చివర గులాబీ రంగుకి తిరగడం మొదలైతే మొత్తం మార్చేయండి. గొట్టం పెన్సిలంతే ఎందుకంటే, ఎంత పెద్ద గొట్టమైతే దాన్ని కడగడానికి అంత డ్యూటీరియం ఖర్చు.

ఇక లైన్ కడగడం. తొంభై శాతం మంది తప్పు చేసేది ఇక్కడే.

సిరంజి బిగించి, నీడిల్ వాల్వ్ తెరిచి, "ఛాంబర్ వాక్యూమ్‌లోనే ఉంది కదా, లైన్‌లో ఉన్న గాలిని అదే లాగేస్తుంది" అనుకుంటారు. నీడిల్ వాల్వ్ పనే అడ్డుకోవడం. దాని సందులోంచి లైన్‌లోని గాలి, సిలికా జెల్‌లో దాక్కున్న గాలి బయటికి రావడానికి గంటలు పడుతుంది. ఆ గంటలంతా మీరు డ్యూటీరియం అనుకుంటూ గాలి మీద హైవోల్టేజీ పెడుతుంటారు. అందుకే బైపాస్ కావాలి. బైపాస్ లేని లైన్ దగ్గర నేను నిలబడను.

వరుస ఇలా ఉండాలి. సిరంజి, స్టాప్‌కాక్, దాని వెంటనే ఒక బాల్ వాల్వ్, తర్వాత ఆరబెట్టే గొట్టం, తర్వాత ఒక టీ (మూడు దారుల జాయింటు). టీ ఒక కాలు రెండో బాల్ వాల్వ్ గుండా ఆ చిన్న పంపుకి. ఇంకో కాలు మూడో బాల్ వాల్వ్, ఆపై నీడిల్ వాల్వ్ గుండా ఛాంబర్‌కి. ప్లాస్టిక్ స్టాప్‌కాక్‌ని వాక్యూమ్‌కి నమ్మకూడదు, అందుకే మొదటి బాల్ వాల్వ్. పీఈఎం సెల్‌ని ఈ లైన్‌కి ఎప్పుడూ నేరుగా కలపకూడదు. వాక్యూమ్ తగిలితే పొర చిరుగుతుంది, నీళ్లు లైన్‌లోకి దూకుతాయి. సిరంజిని సెల్ దగ్గర నింపి, స్టాప్‌కాక్ మూసి, విప్పి తెచ్చి ఇక్కడ బిగించాలి.

మొదటి, మూడో వాల్వులు మూసి, రెండోది మెల్లగా తెరవండి. మెల్లగా అంటే పిడి కదిలీ కదలనట్టు. ఒక్కసారి తెరిస్తే సిలికా జెల్ గింజలు ఎగిరి, ఆ పొడి వెళ్లి నీడిల్ వాల్వ్ సీటులో కూర్చుంటుంది. అయిదు నిమిషాలు లాగనిచ్చి, రెండోది మూసి, మొదటిది తెరవండి. సిరంజి పిస్టన్ తనంతట తాను ముందుకి జరుగుతుంది. మళ్లీ మూయండి, మళ్లీ లాగండి. ఇలా మూడుసార్లు. ఒక్కో లాగుడుకి నూటికి ఒక వంతు గాలి మిగిలిందనుకున్నా, మూడోసారికి పది లక్షల్లో ఒక వంతే. లైన్ మొత్తం పది మిల్లీలీటర్ల లోపుంటే, మూడు కడుగులకి ముప్ఫై మిల్లీలీటర్లకి మించి ఖర్చవదు. అంత గ్యాస్ వృథా అని ఏడ్చేవాళ్లున్నారు. అది వృథా కాదు.

లైన్ లీకు చూసేది కూడా ఇప్పుడే. లాగిన తర్వాత అన్ని వాల్వులూ మూసి పది నిమిషాలు లైన్ మీది పీడనం గేజి చూడండి. పీడనం మొదట పెరిగి తర్వాత నెమ్మదిస్తే గోడల నుంచి ఊరే తేమ. గడియారం ముల్లులా ఒకే వేగంతో పెరుగుతూ పోతే లీకు. లీకు ఉన్న లైన్‌తో ముందుకి వెళ్లొద్దు.

ఇప్పుడు ఛాంబర్‌లోకి. హైవోల్టేజీ ఆపి ఉండాలి, ఛాంబర్ దాని అడుగు పీడనానికి, అంటే పంపు దించగలిగినంత కిందికి, దిగి ఉండాలి. ముందు నీడిల్ వాల్వ్ మూసి, మూడో బాల్ వాల్వ్ తెరవండి. నీడిల్ వాల్వ్‌ని మూసేటప్పుడు కుళాయిని తిప్పినట్టు గట్టిగా బిగించకూడదు. మొన చితికిపోతే ఇక సన్నని ప్రవాహం మీ చేతిలో ఉండదు. అది ప్రవాహాన్ని తగ్గించేందుకే, పూర్తిగా ఆపడానికి బాల్ వాల్వ్ ఉంది.

వేలి గోరంత తిప్పండి. చేయి తీసేయండి. అర నిమిషం గేజి వైపే చూడండి. గ్యాస్ సన్నని గొట్టంలో నడిచి వచ్చేసరికి టైం పడుతుంది. ఆ టైం ఇవ్వకుండా "రావట్లేదు" అని ఇంకొంచెం, ఇంకొంచెం తిప్పినవాళ్లకి ఒక్కసారిగా వందల మైక్రాన్లు (మైక్రాన్ అంటే టార్‌లో వెయ్యో వంతు) వచ్చి మీద పడుతుంది, ఛాంబర్‌ని లాగే డిఫ్యూజన్ పంపు నూనె వెనక్కి కొడుతుంది. కావలసింది 10 మైక్రాన్ల దరిదాపు. పెద్ద పంపు వైపు వాల్వుని కొంచెం కొంచెంగా మూసి పంపు వేగాన్ని సెకనుకి ఒక లీటరుకి తగ్గిస్తే, 10 మైక్రాన్లు నిలపడానికి నిమిషానికి ఒక మిల్లీలీటరు గ్యాస్ కూడా పట్టదు. పంపు వాల్వ్ బార్లా తెరిచి పెట్టి, గ్యాస్‌ని ధారగా వదిలి పీడనం తెచ్చేవాళ్లు సిరంజిలకి సిరంజిలు తాగిస్తారు. గ్యాస్ తక్కువ, పంపు వాల్వ్ తక్కువ: నా పద్ధతి ఇదే.

గేజి అంకెని గుడ్డిగా నమ్మకండి. పిరానీ, థర్మోకపుల్ గేజిలు గాలికి సరిచేసినవి. డ్యూటీరియం వేడిని గాలికన్నా బాగా మోస్తుంది కాబట్టి అసలు పీడనం వేరు, అవి చూపేది వేరు. డయాఫ్రం ఒత్తిడిని కొలిచే కెపాసిటెన్స్ మానోమీటర్ ఉంటే ఏ గ్యాస్‌కైనా అదే సరైన అంకె.

సిరంజి పిస్టన్ అంటుకుపోయే అలవాటుంది. అంటుకుంటే పీడనం కొంచెం జారి, విడిపోగానే ఎగురుతుంది. అప్పుడప్పుడూ వేలితో సిరంజి ఒంటి మీద తట్టండి. పది గీత దగ్గరికి వచ్చేసరికి మొదటి బాల్ వాల్వ్ మూసి సిరంజి మార్చాలి. పిస్టన్ అడుగు తాకితే వాక్యూమ్ దాని రబ్బరు పక్క నుంచి గాలిని లాగుతుంది, ఇంతసేపు పడిన కష్టం పోతుంది. కొత్త సిరంజి బిగించినప్పుడు నీడిల్ వైపు మూడో వాల్వ్ మూసి ఒక్క కడుగైనా కడగండి.

హైవోల్టేజీ పెట్టాక కూడా చేయి వాల్వ్ దగ్గరే ఉండాలి, కానీ రిమోట్ పిడితో. ప్లాస్మా వేడికి గోడలు తాము పట్టి ఉంచిన గ్యాస్‌ని వదులుతాయి. పీడనం పెరుగుతుంది, దాంతో కరెంటు పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి. ఆ గొలుసు మొదలయ్యిందనిపించగానే గ్యాస్ తగ్గించాలి, వోల్టేజీ పెంచి సరిచేయడం కాదు. చూసే అద్దం గుండా ఎక్స్‌రేలు బయటికొస్తాయి, కాబట్టి లోపలికి కెమెరాతోనే చూడండి. అన్నీ కుదిరితే, జరిగే చర్యల్లో దాదాపు సగం 2.45 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లని ఇస్తాయి. అప్పుడు కౌంటర్ కదులుతుంది. కదిలిందంటే డోసు లెక్కా మొదలైనట్టే, భద్రతాధికారి పక్కనే ఉండాలి.

ఆపేటప్పుడు ముందు హైవోల్టేజీ, తర్వాత మూడో బాల్ వాల్వ్, ఆ తర్వాతే పంపులు. సిరంజిలో మిగిలిన గ్యాస్‌ని రేపటికి దాచొద్దు, ప్లాస్టిక్‌లోంచి తెల్లారేసరికి గాలి చేరిపోతుంది. పంపు ఎగ్జాస్ట్ గొట్టం పోయే కిటికీలోంచే దాన్నీ వదిలేసి, సిలికా జెల్ గొట్టం రెండు చివర్లా మూతలు పెట్టండి.