మళ్లీ కరోనా లాంటిది రాకముందే వార్డులో అడిగి పెట్టుకోవలసినవి

2020 ఏప్రిల్‌లో కొండవాలు మీద ఉన్న మా వీధి మొగన వెదురు బొంగులు అడ్డంగా కట్టారు. బొంగుకి ఓ ఎర్ర గుడ్డ, కింద తెల్లగా బ్లీచింగ్ గీత. మూడో రోజుకి కుళాయి సన్నబడింది. ట్యాంకర్ డ్రైవరేమో బొంగులు దాటి రానన్నాడు. వార్డు సచివాలయానికి ఫోన్ చేస్తే "పైనుంచి ఆర్డర్ రావాలి సార్" అంది అక్కడి అమ్మాయి. ఆ పైన ఎవరున్నారో పాపం ఆవిడకీ తెలీదు. పోనీ కార్పొరేటర్ని నిలదీద్దామంటే అసలు కార్పొరేటరే లేడు.

మా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కౌన్సిల్ గడువు 2012లోనే తీరిపోయింది. 2020 మార్చి 23న పోలింగ్ అన్నారు, నామినేషన్లూ పడ్డాయి, 15వ తేదీన కరోనా వల్ల వాయిదా వేశారు. చివరికి 98 వార్డులకీ ఓట్లు పడింది 2021 మార్చి 10న. అంటే మొదటి వేవ్ మొత్తం అధికారుల పాలనలోనే గడిచిపోయింది. రెండోది ముంచుకొచ్చేనాటికి కొత్త కార్పొరేటర్లకి తమ వార్డులో నీళ్ల వాల్వులు ఎక్కడున్నాయో కూడా ఇంకా తెలీదు. అందుకే చెబుతున్నాను, జబ్బు వచ్చాక అడగడం మొదలుపెడితే అడగడానికి మనిషి దొరకడు.

ముందు ఏ పని ఎవరి కుర్చీదో తెలుసుకోండి. చెత్త, కాలువలు, మంచినీళ్లు, దోమలు, వీధి దీపాలు, శ్మశానాలు, జనన మరణాల నమోదు జీవీఎంసీవి. కేజీహెచ్, విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు రాష్ట్ర ప్రభుత్వానివి. వీధి మూయాలా, ఎన్నాళ్లు మూయాలి అన్నది విపత్తు నిర్వహణ చట్టం కింద కలెక్టర్ చేతిలో ఉంటుంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి ఆయనే చైర్మన్. కేజీహెచ్‌లో మంచం దొరకలేదని కార్పొరేటర్ ఇంటి ముందు కూర్చుంటే ఆ రోజు వృథా. అదే డ్రైనేజీ పొంగిందని కలెక్టరేట్‌కి వెళ్తే ఆ కాగితం తిరిగి తిరిగి జోనల్ ఆఫీసుకే వస్తుంది, ఈలోగా వారం పోతుంది.

ఆసుపత్రి సంగతి ఒక్కటే చెప్పి వదిలేస్తాను. 2021 ఏప్రిల్ 22న మన స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ నింపుకొని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకి బయల్దేరింది. ఊళ్లో ఆక్సిజన్ తయారైనంత మాత్రాన అది రోగి మంచం దాకా రాదు, మధ్యలో ట్యాంకు ఉండాలి, పైపు ఉండాలి, దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. కాబట్టి "ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్లాంటు ఉందా" అని అడక్కండి, ఉందనే చెబుతారు. "ఆఖరిసారి ఎప్పుడు నడిపి చూశారు, నడిపే మనిషికి జీతం ఏ పద్దులోంచి వస్తోంది" అని అడగండి.

అసలు దెబ్బ మామూలు పనుల మీద పడుతుంది. సిబ్బందినంతా కరోనా డ్యూటీకి లాగేస్తే కాలువలో పూడిక అలాగే ఉంటుంది, దోమల మందు ఆగిపోతుంది. మనకేమో జూన్ దాటితే డెంగీ, మలేరియా ఎలాగూ ఉంటాయి. ఆ రోజుల్లో ఓ ట్రాక్టర్ వచ్చి గోడలకీ, రోడ్డుకీ హైపో మందు, అంటే బ్లీచింగ్ లాంటి క్రిములు చంపే ద్రావణం, జోరుగా కొట్టి వెళ్లేది. మేమంతా డాబాలెక్కి వీడియోలు తీసుకున్నాం. వీధుల్లో అలా కొట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. మందు కొట్టారని సంబరపడకండి, కుళాయి నీళ్ల సంగతి అడగండి. క్లోరోస్కోప్ అని చిన్న డబ్బా ఉంటుంది. గొట్టంలో మీ కుళాయి నీళ్లు పట్టి రెండు చుక్కలు మందు వేస్తే, క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు తిరుగుతాయి. పక్కనున్న రంగుతో పోల్చి చూస్తారు, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు తేలాలి. ఆ పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, మీ వీధిలో ఆఖరి ఇంట్లో చేయమనండి. కొండ మీద ఇళ్లయితే ఇది మరీ ముఖ్యం, పైకి చేరేసరికి నీళ్లూ తగ్గుతాయి, క్లోరినూ తగ్గుతుంది.

అడిగేది ఏదైనా కాగితం మీద పెట్టండి. నేను ఇది తెలుసుకోవడానికి ఒక వానాకాలం పట్టింది. మా పక్కింటి పిన్ని గారు రోజూ శానిటరీ ఇన్‌స్పెక్టర్ని గేటు దగ్గర ఆపి, "బాబూ, ఆ కాలవ..." అనేది. "అలాగేనమ్మా, రేపు చూస్తాం" అని ఆయన బండి తీసేవాడు. ఆ రేపు నెల రోజులు సాగింది. తర్వాత ఆవిడ మనవడి నోటు పుస్తకంలోంచి కాగితం చింపి నాలుగు ముక్కలు రాసి, సోమవారం అర్జీల రోజున ఇచ్చి, నంబరు వేసిన రసీదు తెచ్చుకుంది. ఆ వారంలోనే మేస్త్రీ వచ్చి "రసీదు నంబరెంతమ్మా" అని అడిగాడు. కాలవ తీయడానికి ఇంకో పది రోజులు పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

అర్జీకి ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, మనిషి ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటల్లోనే. ఆ మాట దరఖాస్తులో మొదటి వాక్యంగా, ఎందుకో కారణంతో సహా రాయండి. "ఎందుకు చేయలేదు" అని రాస్తే తప్పించుకుంటారు. "మా వార్డుకి ఈ నెలలో ఎన్ని కిలోల బ్లీచింగ్ ఇచ్చారు, ఇండెంట్ (సరుకు కోరుతూ రాసే కాగితం) కాపీ, మస్తరు (కార్మికుల హాజరు పట్టీ) కాపీ ఇవ్వండి" అని రాస్తే ఇవ్వక తప్పదు.

ఈ మస్తరు దగ్గరే ఓ జాగ్రత్త. పారిశుధ్య కార్మికులకి వార్డు గుట్టంతా తెలుసు, ఎంతమందిని వేశామని రాస్తారో, పొద్దున్నే నిజంగా ఎంతమంది వస్తారో వాళ్లనడిగితే చెబుతారు. కానీ వాళ్ల పేరు అర్జీలో రాయకండి, వీడియోలో చూపించకండి. ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్ మనుషులు, మన కోపానికి వాళ్ల ఉద్యోగం పోతుంది. చెత్త తీయలేదని వాళ్ల మీద అరిచే బదులు, గ్లోవ్స్ ఎన్నాళ్లకోసారి ఇస్తున్నారు, జీతం ఏ తేదీన పడింది అని పైవాళ్లని అడగండి. చేతికి తొడుగు లేని మనిషి చేత పాజిటివ్ ఇంటి చెత్త తీయించడం మా వీధిలో కళ్లారా చూశాను.

ఫోన్‌తో జాగ్రత్త. రోగుల ముఖాలు, రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టకండి. ఎవరో పంపిన శవాల వీడియో మన ఊరిదేనని ఫార్వర్డ్ చేస్తే విపత్తు చట్టం 54వ సెక్షన్ ఉంది, ఏడాది దాకా జైలు. అలాగని మంచం కావాలి, ఆక్సిజన్ కావాలి అని మొర పెట్టుకోవడానికి భయపడకండి. అలా అడిగినవాళ్లని వేధిస్తే ధిక్కారంగా చూస్తామని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న గట్టిగా చెప్పింది. మీరు తీసిన ఫొటో, తేదీ, చోటు, అంతవరకే పెట్టండి.

చెప్పడానికి మనసొప్పదు గానీ, ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లో నమోదు చేయించండి. ఆసుపత్రిలో పోతే మరణ కారణం రాసిన డాక్టర్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా కదలకండి. అప్పట్లో కోవిడ్ మరణానికి 50 వేల సాయం ఇచ్చినప్పుడు, పాజిటివ్ రిపోర్టు పారేసుకున్న ఇళ్లవాళ్లు ఎన్ని ఆఫీసులు తిరిగారో మా వీధిలోనే చూశాను.

ఇక కార్పొరేటర్. ఇంటికెళ్లి దండం పెట్టి చెప్పుకోవడం కాదు, కౌన్సిల్ సమావేశానికి ముందు మీ వార్డు సమస్య ఒకే ఒక్కటి, ఒకే పేజీలో రాసి ఇచ్చి "దీన్ని జీరో అవర్‌లో ఎత్తండి" అనండి, అంటే సభ్యులు తమ సమస్యలు లేవనెత్తే సమయంలో. సమావేశం అయ్యాక మినిట్స్, అంటే అక్కడ ఏం జరిగిందో రాసిన కాగితం, కాపీ అడగండి. కౌన్సిల్ గడువు రాజ్యాంగం ప్రకారం ఐదేళ్లే. మధ్యలో ఖాళీ వస్తే అవే కాగితాలు కమిషనర్ పేరు మీద పెట్టాలి, కాబట్టి ప్రతి అర్జీకీ రెండు కాపీలు తీయండి. మా పిన్ని గారి రసీదులు బియ్యం డబ్బా మీద, కరెంటు బిల్లుల కింద, క్లిప్పు పెట్టి ఉంటాయి.