చిన్న గోడౌన్‌లో కెమికల్స్ ఉన్నాయా? రూల్స్ సంగతి ఇక్కడ మొదలుపెట్టండి

కెమికల్ రూల్స్ అన్నీ పెద్ద ఫ్యాక్టరీలకే, మనది చిన్న షాపు మనకెందుకు అనే మాట జీడిమెట్ల, బాలానగర్ వైపు చాలామంది నోట వింటుంటాను. అది తప్పండి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అంటుకుంది ఫ్యాక్టరీ కాదు, జనం కాపురముండే బిల్డింగ్, కింద కెమికల్ డ్రమ్ములు పెట్టారు, ఆ ఒక్క రోజే తొమ్మిది మంది చనిపోయారు. షాపు చిన్నదా పెద్దదా అన్నది తర్వాత, ఏ కెమికల్, ఎంత ఉంది అన్నదాన్ని బట్టే చాలా రూల్స్ వర్తిస్తాయి.

అందుకే ముందు లైసెన్స్ ఏజెంట్ దగ్గరకి పరిగెత్తకండి, ఒక నోట్‌బుక్ తీసుకుని గోడౌన్ అంతా తిరగండి. థిన్నర్, హైపో (బ్లీచింగ్‌కి వాడే సోడియం హైపోక్లోరైట్), యాసిడ్, ఎంటీఓ (మినరల్ టర్పెంటైన్ ఆయిల్), ఏదున్నా దాని పేరు, ఎన్ని లీటర్లు, ఏ డబ్బాలో, ఏ మూల ఉందో రాయండి. ఈరోజు స్టాక్ కాదు, సీజన్‌లో ఎక్కువలో ఎక్కువ ఎంత ఉంటుందో అది రాయాలి.

తర్వాత ఒక్కోదానికీ సేఫ్టీ డేటా షీట్, అంటే ఆ కెమికల్ ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం, సప్లయర్‌ని అడగండి, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపినా చాలు. 1989 నాటి ప్రమాదకర కెమికల్స్ రూల్స్ ప్రకారం ఆ షీట్ ఉండాలి, డబ్బా మీద లేబుల్ కూడా ఉండాలి. షీట్‌లో 16 సెక్షన్లు ఉంటాయి, అన్నీ ఒకేసారి చదవక్కర్లేదు, 4లో ఫస్ట్ ఎయిడ్, 7లో ఎలా నిల్వ చేయాలో, 9లో ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునేంత కనీస వేడి), 10లో దేనితో కలపకూడదో, ముందు ఈ నాలుగూ చూడండి. చూసి ఊరుకోకుండా తెలుగులో, మీ వర్కర్లలో హిందీ వాళ్ళుంటే హిందీలో కూడా, పెద్దక్షరాలతో రాసి ఆ డ్రమ్ము పక్కనే గోడకి అంటించండి, షీట్ ఆఫీసు ఫైల్లో పడుంటే డ్రమ్ము ఎత్తే కుర్రాడికి ఏం ఉపయోగం చెప్పండి.

ఫ్లాష్ పాయింట్ ఎందుకు చూడమంటున్నానంటే, చాలా థిన్నర్లలో ఉండే టోలూయిన్‌కి అది 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే మన ఎండల్లో ఎప్పుడూ అంటుకునే స్థితిలోనే ఉంటుంది. పెట్రోలియం చట్టంలో 23 డిగ్రీల లోపువి క్లాస్ ఏ. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 30 లీటర్ల దాకా లైసెన్స్ అక్కర్లేదు. మరి మన దగ్గరికి వచ్చే డ్రమ్మేమో 200 లీటర్లు, ఒక్క డ్రమ్ముకే లిమిట్ దాటిపోయింది కదా! లైసెన్స్ ఎవరివ్వాలన్నది పరిమాణాన్ని బట్టి మారుతుంది, మీ లిస్ట్ పట్టుకుని పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) హైదరాబాద్ ఆఫీసులో అడగండి.

యాసిడ్ రిటైల్‌గా అమ్మేవాళ్ళు 2013 సుప్రీంకోర్టు ఆర్డర్ గుర్తుపెట్టుకోవాలి. రిజిస్టర్ ఉండాలి, కొనేవాళ్ళ అడ్రస్‌తో ఉన్న ఐడీ చూడాలి, ఎందుకు కొంటున్నారో రాయాలి, 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు. స్టాక్ చెప్పకుండా దాచితే 50,000 రూపాయల దాకా ఫైన్.

ఇక హౌస్‌కీపింగ్ సరుకు అమ్మే షాపుల్లో హైపో, యాసిడ్ ఒకే ర్యాక్‌లో కనిపిస్తాయి, అది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ర్యాక్‌లు దూరంగా పెట్టడమే కాదు, గరాటు, మగ్గు కూడా వేరే ఉండాలి, యాసిడ్ పోసిన గరాటుతోనే హైపో పోయడం చాలాచోట్ల జరిగేదే. గరాట్లకి రంగు పెయింట్ వేసేయండి. వాటర్ బాటిల్, కూల్‌డ్రింక్ బాటిల్‌లో మాత్రం ఏ కెమికలూ పోయొద్దు.

సెలవుల్లో తాళం వేసి వెళ్ళిపోయేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. విశాఖలో 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే కెమికల్) లీకై 12 మంది పోయింది లాక్‌డౌన్‌లో ప్లాంట్ ఆగి ఉన్న టైమ్‌లోనే, ట్యాంక్‌లో వేడి పెరిగిపోయింది. మీ సరుకులో చల్లగా ఉంచాల్సింది ఏదైనా ఉంటే, పండగ రోజైనా సరే ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి.

ఖాళీ డ్రమ్ములు చివర్లో చెప్తున్నా గానీ చిన్న విషయం కాదు. 2016 హజార్డస్ వేస్ట్ రూల్స్‌లో ఇవి కూడా ప్రమాదకర వ్యర్థమే, పర్మిషన్ ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. పాత సామాన్ల వాడికి అమ్మితే అతను గ్యాస్ కట్టర్‌తో కోస్తాడు, లోపల మిగిలిన ఆవిరికి నిప్పు తగిలి డ్రమ్ము పేలుతుంది. నీళ్ళు పట్టుకోడానికి ఎవరైనా అడిగినా ఇవ్వకండి, ఎంత కడిగినా సరే.