క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడుతూనే నిద్ర, చదువు, ఉద్యోగం చెడకుండా చూసుకోవడం ఎలా

2012 ఆగస్టులో ఐఫోన్లలోకి, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్‌లోకి వచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఇంకా నడుస్తూనే ఉంది. ఊరు కట్టుకుని, క్లాన్ అనే జట్టులో చేరి, ఎదుటివాళ్ల ఊళ్ల (బేస్‌ల) మీద దాడి (అటాక్) చేసే ఫోన్ ఆట ఇది. ఇంటర్‌లో ఉండగా మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు పిల్లల్ని బడిలో దింపి వచ్చి వార్ అటాక్ వేస్తున్నారు. ఈ ఆటకు చివరి లెవెల్ అంటూ లేదు. ఊళ్లో ప్రధాన భవనమైన టౌన్ హాల్ మ్యాక్స్ అయ్యేసరికి, ఆటను నడిపే హెల్సింకీ కంపెనీ సూపర్‌సెల్ ఇంకో స్థాయి టౌన్ హాల్ తెచ్చిపెడుతుంది. అందుకని ‘ఇది పూర్తిచేసి మానేస్తా’ అనే లెక్క ఇక్కడ కుదరదు. ఆటలో నడిచే గడువుల్లో ఏది మీకోసం ఆగదో, ఏది ఆగినా మునిగిపోయేదేమీ లేదో ముందు విడదీసుకోవాలి.

క్లాన్‌తో కలిసి ఆడేవాటిలో గడువున్నవి నాలుగు

రెండు క్లాన్లు తలపడే మామూలు క్లాన్ వార్‌లో 23 గంటలు సన్నాహం, 24 గంటలు యుద్ధం; ఒక్కొక్కరికి రెండు అటాక్‌లు. క్లాన్ వార్ లీగ్ నెల మొదట్లో వస్తుంది. ఏడు రోజులు, రోజుకు ఒకే అటాక్. క్లాన్ అంతా కలిసి దాడి చేసే క్లాన్ క్యాపిటల్ రెయిడ్ వీకెండ్ మన టైమ్ ప్రకారం శుక్రవారం మధ్యాహ్నం 12:30కి మొదలై సోమవారం 12:30కి ముగుస్తుంది. ఐదు అటాక్‌లు, ఒక డిస్ట్రిక్ట్‌ను పూర్తిగా కూల్చితే ఆరోది. ఛాలెంజ్‌లు పూర్తిచేసే క్లాన్ గేమ్స్ సాధారణంగా నెలలో 22 నుంచి 28 వరకు, ఒక్కొక్కరికి గరిష్ఠంగా 4000 పాయింట్లు.

వీటిలోనూ మీరు రాకపోతే ఇతరులు నష్టపోయేవి వార్, లీగ్ మాత్రమే. రెయిడ్ అటాక్‌లు శనివారం ఒక్కసారి కూర్చుంటే అయిపోతాయి. క్లాన్ గేమ్స్‌ను రోజుకు 700 పాయింట్ల చొప్పున లాగితే గడువుకు ముందే ముగుస్తుంది. నచ్చని ఛాలెంజ్‌ను మధ్యలో వదిలేస్తే ఇంకోటి తీసుకోవడానికి పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలు స్క్రీన్ చూస్తూ కూర్చునేవాళ్లు చాలామంది. వదిలేసి ఫోన్ పక్కన పెట్టేయండి.

ఇక గోల్డ్ మైన్లు, ఎలిక్సిర్ కలెక్టర్లు, ఖాళీగా ఉన్న బిల్డర్లు (ఊళ్లో కట్టుబడి పని చేసేవాళ్లు), సైన్యం ఇమ్మని క్లాన్‌వాళ్లు అడిగే డొనేషన్ రిక్వెస్టులు రేపటి దాకా ఉన్నా కొంప మునగదు.

ఒక్కసారి నిమిషాల్లో లెక్కేయండి. అటాక్‌కు గరిష్ఠంగా మూడు నిమిషాలు, దానికి ముందు బేస్ చూసుకోవడానికి అర నిమిషం. ఎదుటి బేస్‌ను ముందే పరిశీలించి ప్లాన్ వేసుకోవడానికి పావుగంట వేసుకున్నా, వారానికి రెండు వార్‌లు ఆడేవాళ్లకు గంటంబావు చాలు. మరి రోజుకు రెండు మూడు గంటలు ఎటు పోతున్నాయి? గోల్డ్, ఎలిక్సిర్ దోచుకునే లూట్ అటాక్‌లకు, ఊరికే యాప్ తెరిచి చూడటానికి. తగ్గించాల్సింది అక్కడ. వార్‌ను మానుకుని లూట్ అటాక్‌లు ఉంచుకునేవాళ్లు మంచిదాన్ని వదిలి పొట్టు దాచుకుంటున్నట్టే.

లూట్ అటాక్‌లకు గంటలు కాదు, సంఖ్య పెట్టుకోండి

ఒకప్పుడు సైన్యం తయారవడానికి సమయం పట్టేది. ఒక అటాక్ అయ్యాక ఫోన్ పక్కన పెట్టక తప్పేది కాదు. 2025 మార్చిలో ఆ శిక్షణ సమయాన్ని పూర్తిగా తీసేశారు. సౌకర్యమే, కాకపోతే ఆటలో ఉన్న ఒకే ఒక్క బ్రేకు కూడా దాంతోపాటే పోయింది. ఇప్పుడు అటాక్ వెనక అటాక్ వేస్తూ తెల్లవార్లూ కూర్చున్నా ఆట అడ్డు చెప్పదు.

అరగంట ఆడతానని అనుకుంటే నడవదు, ఎందుకంటే 28వ నిమిషంలో మొదలైన అటాక్ 32వ నిమిషానికి గానీ ముగియదు, ఓడిపోతే ‘ఇంకొక్కటి’ తప్పదు. ఆరు అటాక్‌లు అని సంఖ్య పెట్టుకోండి. ప్రత్యర్థిని వెతకడం కలిపి పాతిక నిమిషాలు పడుతుంది. ఆరోది గెలిచినా ఓడినా ఆపాలి. స్టోరేజీలు నిండిపోయి, ఖర్చుపెట్టడానికి బిల్డర్ ఖాళీ లేకపోతే ఆ రోజు ఆ ఆరూ కూడా వద్దు. కొత్తగా తెచ్చే లూట్ పెట్టుకోవడానికి చోటే ఉండదు.

బిల్డర్లను మీ టైమ్‌కు తిప్పుకోవడం

పొద్దున్నే నిద్ర కళ్లతో యాప్ తెరిపించేది బిల్డరే. దీనికి తేలికైన ఉపాయం ఉంది. పూర్తి రోజుల్లో ఉండే అప్‌గ్రేడ్ ఏ టైమ్‌కు మొదలుపెడితే ఆ టైమ్‌కే ముగుస్తుంది. రాత్రి 8కి పెట్టిన నాలుగు రోజుల అప్‌గ్రేడ్ నాలుగో రోజు రాత్రి 8కే అయిపోతుంది. మీరు రోజూ 8కి ఆడేవాళ్లయితే బిల్డర్ కూడా ఆ వేళకే ఖాళీ అవుతాడు. మూడున్నర రోజుల పని అయితే పొద్దున 8కి తేలుతుంది. అప్పుడు మీరు చేయాల్సింది ఏమీ లేదు, రాత్రి దాకా ఖాళీగా వదిలేయండి.

ఆ నష్టమెంత? ఐదుగురు బిల్డర్లకు వారానికి 840 పని గంటలు. అందులో 12 పోతే ఒకటిన్నర శాతం కూడా కాదు. ఆ మాత్రానికి ఆఫీసు బాత్రూమ్‌లో ఫోన్ తీయడం ఎందుకు!

అందరినీ ఒకే రోజు ఖాళీ చేసుకునేలా పెట్టొద్దు. ఐదు పెద్ద అప్‌గ్రేడ్లకు సరిపడా గోల్డ్ స్టోరేజీల్లో పట్టదు, దాంతో ఆ ఒక్క రాత్రి గంటల తరబడి లూట్‌కు వెళ్లాల్సివస్తుంది. రెండు రోజులకొకడు ఖాళీ అయ్యేలా విడివిడిగా పెడితే రోజుకు ఆరు అటాక్‌లతో నెట్టుకురావచ్చు. డబ్బు పెట్టి కొనే గోల్డ్ పాస్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: పాస్ ట్రాక్‌లో పైకి వెళ్లేకొద్దీ నిర్మాణ సమయం 20 శాతం వరకు తగ్గుతుంది కాబట్టి ‘రాత్రి 8కి 8’ లెక్క తప్పుతుంది. అప్‌గ్రేడ్ నొక్కే ముందు తెర మీద కనిపించే సమయాన్నే నమ్మండి.

వార్ ఎప్పుడు మొదలుపెట్టాలి: లీడర్లు, కో-లీడర్లు చదవాల్సిన భాగం

క్లాన్‌లో పదిహేను మంది నిద్ర చెడిందంటే కారణం చాలావరకు లీడరే. అర్ధరాత్రి ఒంటిగంటకు ఖాళీ దొరికింది కదా అని ప్రత్యర్థి క్లాన్ కోసం సెర్చ్ నొక్కితే, 47 గంటల తర్వాత యుద్ధం ముగిసేది కూడా అర్ధరాత్రికే. చివరి గంటలో అటాక్‌లకు వచ్చిన స్టార్లు లెక్కపెట్టుకుంటూ అందరూ మేల్కొని ఉంటారు.

శుక్రవారం రాత్రి 10కి సెర్చ్ నొక్కండి. శనివారం 9కి యుద్ధం మొదలై ఆదివారం 9కి ముగుస్తుంది. అందరికీ ఒక పూర్తి సెలవు రోజు చేతిలో ఉంటుంది. మన క్లాన్లలో డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఒకరిద్దరు ఉండనే ఉంటారు. ఇక్కడ ఆదివారం రాత్రి 9 అంటే దుబాయ్‌లో సాయంత్రం 7:30, డాలస్‌లో వేసవిలో పొద్దున 10:30, చలికాలంలో 9:30. ఎవరికీ అపరాత్రి కాదు. వారంలో రెండోది కావాలంటే మంగళవారం రాత్రి 10కి మొదలుపెడితే గురువారం 9కి తేలిపోతుంది.

ఒక వార్ ముగియగానే ఇంకోటి పెట్టే అలవాటున్న క్లాన్లలో ఇంకో చిక్కు వస్తుంది. లీడర్ ప్రతిసారీ గంటంబావో గంటన్నరో ఆలస్యంగా నొక్కుతాడు, నెల తిరిగేసరికి రాత్రి 9 కాస్తా అర్ధరాత్రి దాటుతుంది. ‘వెంటవెంటనే’ అనే పద్ధతి మాని వారం, వేళ స్థిరంగా పెట్టుకోవాలి. లీగ్‌కు ఇది మరీ ముఖ్యం. మొదటి రోజు పడిన వేళే ఏడు రోజులూ కొనసాగుతుంది.

సభ్యులు యాభై మంది ఉన్నారని ముప్పై మందితో వార్ పెట్టక్కర్లేదు. వార్‌కు వస్తామని ప్రొఫైల్‌లో పచ్చ గుర్తు పెట్టినవాళ్లు పన్నెండు మంది ఉంటే పది మందితో పెట్టండి. రానని ఎర్ర గుర్తు పెట్టిన మనిషిని లాక్కొచ్చి, అటాక్ వేయలేదని చాట్‌లో తిట్టడం అన్యాయం. సభ్యులు కూడా ఊరెళ్లేటప్పుడు, ఇంట్లో పెళ్లి ఉన్నప్పుడు ప్రొఫైల్‌లో ఎర్ర గుర్తు పెట్టి వెళ్లాలి. సంజాయిషీ అక్కర్లేదు, ఆ మీట ఉన్నదే అందుకు.

ఆటగాడి వైపు నుంచి ఒక నియమం చాలు: మొదటి అటాక్ యుద్ధం మొదలైన 12 గంటల్లోపు, రెండోది ముగింపుకు కనీసం రెండు గంటల ముందు. ముగింపు తెల్లవారుజామున పడితే రాత్రి 10కే వేసేసి పడుకోండి.

ఫోన్‌లో మార్చాల్సినవి

ఆట సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లన్నీ తీసేయండి. వార్ ముగిసే వేళకు రెండు గంటల ముందు ఫోన్ అలారం ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది.

ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోకి వెళ్లి డాష్‌బోర్డ్‌లో ఆటకు టైమర్ పెట్టొచ్చు. ఇది అర్ధరాత్రికి మళ్లీ మొదటికొస్తుంది, అందుకని 12 దాటాక ఆడేవాళ్లకు అదొక్కటే చాలదు. బెడ్‌టైమ్ మోడ్ కూడా జోడించాలి. అటాక్ మధ్యలో టైమర్ అయిపోతే ఆట మూసుకుపోతుంది. వార్‌లో సైన్యం దించాక ఆట ఆగిపోతే ఆ అటాక్ వాడేసినట్టే లెక్క. కాబట్టి అనుకున్నదానికన్నా పదిహేను నిమిషాలు ఎక్కువ పెట్టండి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను ఇంట్లో ఇంకొకరి చేత పెట్టిస్తేనే ఫలితం. మీరే పెట్టుకుంటే మీరే తీసేస్తారు.

డబ్బు సంగతి: ప్లే స్టోర్‌లో నెలవారీ బడ్జెట్ పెట్టుకోవచ్చు గానీ అది హెచ్చరిస్తుందే తప్ప ఆపదు. కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. గోల్డ్ పాస్‌ను సీజన్ చివరి వారంలో కొన్నా, అప్పటిదాకా మీరు చేరిన మెట్ల బహుమతులన్నీ తెరుచుకుంటాయి. బాగా ఆడిన నెలకే కొనొచ్చు. అకౌంట్లు కొనడం, అమ్మడం సూపర్‌సెల్ నిబంధనలకు విరుద్ధం. డబ్బూ అకౌంటూ రెండూ పోయే దారి అది.

మినీ అకౌంట్ల (ఒకే మనిషి నడిపే అదనపు అకౌంట్ల) గురించి ఒక్క మాట. ఈమెయిల్‌తో పెట్టుకునే లాగిన్ అయిన సూపర్‌సెల్ ఐడీతో ఒకదాన్నుంచి ఇంకోదానికి క్షణంలో మారిపోవచ్చు కాబట్టి రెండు నాలుగవుతాయి, నాలుగు ఏడవుతాయి. పైన చెప్పిన లెక్కలన్నీ అకౌంట్ల సంఖ్యతో హెచ్చించుకోండి. ఉద్యోగం ఉన్నవాళ్లకు రెండు మించితే అది ఆట కాదు, రెండో షిఫ్టు.

అదుపు తప్పిందని ఎలా తెలుస్తుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటకే పెద్దపీట వేయడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు కనిపించడం చూస్తారు. లీగ్ వారంలో నాలుగు రోజులు ఎక్కువ ఆడటం దాని కిందకు రాదు. ఎర్ర గుర్తు పెట్టి కూడా యాప్ తెరవకుండా ఉండలేకపోవడం, ఆడలేదని అబద్ధం చెప్పాల్సి రావడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటి సమస్యలకు షట్ క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది.

విరామం, మళ్లీ రావడం

ఇంటర్ పరీక్షలు, ఆపై ఎప్‌సెట్ ఉన్నవాళ్లు ఫిబ్రవరి నుంచి మే దాకా ఆపేయడం మేలు. యాప్ తీసేసే ముందు గ్రామం సూపర్‌సెల్ ఐడీకి జతయిందో లేదో, ఆ ఈమెయిల్ ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోండి. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో ఐడీ పెట్టుకుని, చదువయ్యాక అది మూతబడి అకౌంట్ దక్కనివాళ్లున్నారు. వెళ్లే ముందు పెద్ద అప్‌గ్రేడ్లన్నీ పెట్టేసి, లీడర్‌కు చెప్పండి. ఖాళీగా ఉన్నవాళ్లను తీసేసే క్లాన్ అయితే రెండో క్లాన్‌లోకి మారి ఉండండి.

తిరిగొచ్చాక అదే రోజు పచ్చ గుర్తు పెట్టొద్దు. మీరు లేని నెలల్లో ట్రూపులు, స్పెల్స్ బలం మారి ఉంటుంది, పాత ఆర్మీతో వార్‌కు వెళ్తే ఒక స్టార్‌తో బయటపడతారు. ముందు క్లాన్‌లో ఎవరినైనా ఫ్రెండ్లీ ఛాలెంజ్ పెట్టమని అడిగి, మీ టౌన్ హాల్ స్థాయి బేస్ మీద నాలుగైదు సార్లు ఆడి చూడండి. దాంట్లో పోయేదేమీ ఉండదు. రెండు స్టార్లు నిలకడగా వస్తున్నాయంటే అప్పుడు గుర్తు మార్చండి.